పుట్టుమచ్చకు తోడు ఎవరు పెడతారు?

సూళ్లూరుపేట లోకల్ దిగి పెరంబూరులోని మా ఇంటికి వచ్చిన బాబాయ్, మంచినీళ్లయినా తాగకుండా చేతిసంచిలోంచి ఒక కవరు తీశారు. "ఇందులో ఎన్నిచోట్ల పాజిటివ్ అని ఉందో చూడమ్మా" అన్నారు. చూశాను. మూడుచోట్ల ఉంది. ఆయన కుడి అరికాలిలో, మడమకు కాస్త ముందు, కందిగింజంత నల్లమచ్చ ఉండేది. అది ఎప్పటినుంచి ఉందో ఆయనకే గుర్తులేదు. ఆనెకాయ అనుకుంటూ వచ్చారు. ఈ మధ్య పెరిగినట్టుందని పిన్ని పోరు పెట్టడంతో చెన్నై వచ్చి చూపించుకుంటే, డాక్టరు దాన్ని పూర్తిగా కోసి తీసి పరీక్షకు పంపారు. "చెన్నైకా, అంటే అడయారుకా?" అని పిన్ని అప్పుడే బెంబేలెత్తిందట. ముత్తులక్ష్మి రెడ్డి 1954లో అక్కడ క్యాన్సర్ ఆసుపత్రి తెరిచినప్పటినుంచి నెల్లూరు, చిత్తూరు వైపు ఇళ్లలో అడయారు అంటే పేట పేరుగా కాక జబ్బు పేరుగానే వినపడుతుంది.

రిపోర్టు చివరి వాక్యం అది నిరపాయమైన పుట్టుమచ్చ అనే చెబుతోంది. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి అక్కడిదాకా రాలేకపోయారు. కోవిడ్ తరవాత పాజిటివ్ అనే మాటకు మన ఇళ్లలో పట్టిన గతి అది. ఎస్-100, మెలన్-ఏ అనేవి కణాల్లో ఉండే ప్రోటీన్ల పేర్లు. అవి పాజిటివ్ అంటే ఆ కణాలు చర్మానికి రంగు తయారుచేసే కణాల సంతతి అని అర్థం, అంతే. ఇంటిపేరు చెప్పడం లాంటిది. ఇంటిపేరును బట్టి మనిషి గుణం తేలదు కదా. మూడోది పీ-16 పాజిటివ్. అది మంచి కబురే, ఎందుకో తరవాత చెబుతాను.

కాఫీ తాగాక అసలు ప్రశ్న బయటికి వచ్చింది. పుట్టుమచ్చల్లో గ్రోత్ ఫ్యాక్టర్లు పెరిగితే క్యాన్సర్ అవుతుందని రైల్లో ఫోనులో చదివారట. "మరి నా మచ్చలో అవి ఉన్నాయో లేవో వీళ్లు రాయలేదేమి?"

నేను కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, డాక్టరును కాను. కానీ ఈ ప్రశ్న నాకు నచ్చింది. ఉన్నాయనో లేవనో ఒక్క మాటలో చెబితే రెండూ తప్పుదారి పట్టిస్తాయి. ఆ కారకాలను ఎవరు తయారుచేస్తున్నారు, ఎవరు వింటున్నారు అనేదాన్ని పట్టుకుంటేనే పుట్టుమచ్చకూ క్యాన్సరుకూ మధ్య గీత కనిపిస్తుంది.

ముందు పేరు సంగతి. పుట్టుమచ్చ అంటాం గానీ పుట్టుకతో వచ్చేవి చాలా తక్కువ. నూటికి ఒక్క శిశువుకు ఉంటాయేమో. మిగిలినవన్నీ ఎదిగే వయసులో మొలిచి, నలభై దాకా ఒక్కొక్కటే చేరి, వయసు మళ్లాక కొన్ని మాసిపోతాయి. పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తుల కింద రాయించిన మచ్చను షష్టిపూర్తి నాటికి వెతుక్కోవలసి రావచ్చు. అరికాలిలో మచ్చ ఉన్నవాడు దేశాలు తిరుగుతాడని మా నాయనమ్మ అనేది. బాబాయ్ చెన్నై కంటే దూరం పోలేదు.

మచ్చలో ఉండేవి మెలనోసైట్లు అనే రంగు కణాల సంతతి. మెలనోసైట్లు చర్మంలో పుట్టినవి కావు. పిండ దశలో, వెన్నుపాము రూపుదిద్దుకునే చోటి అంచుల నుంచి బయల్దేరి, శరీరమంతా నడిచివచ్చి, చర్మపు పైపొర అడుగున కాపురం పెడతాయి. ఈ రంగు కణాల క్యాన్సరును మెలనోమా అంటారు. అది అంత తొందరగా ఇతర అవయవాలకు పాకడానికి ఈ పాత నడక అలవాటు కూడా ఒక కారణమని పరిశోధకులు అనుకుంటారు. ఒక్కో మెలనోసైటుకు దాదాపు 36 మంది పొరుగువారు ఉంటారు. ఇవి కెరటినోసైట్లు, అంటే పైపొరను కట్టే కణాలు. మెలనోసైటు కొమ్మల్లాంటి చేతులు చాపి వీటికి రంగు గుళికలు పంచుతుంది. పొరుగువారు దాన్ని ఊరికే వదలరు, గట్టిగా చెయ్యి పట్టుకుని ఉంటారు. ఎండ సోకినప్పుడో గాయమైనప్పుడో వాళ్లు కబురు పంపితేనే అది కదులుతుంది, అవసరమైతే ఒకటి రెండవుతుంది.

ఆ కబుర్లనే వృద్ధి కారకాలు, గ్రోత్ ఫ్యాక్టర్లు అంటాం. ఇవి చిన్న ప్రోటీన్లు. వీటి ఉనికిని మొదట పట్టుకున్న రీటా లెవీ-మోంటాల్చినీకి, స్టాన్లీ కోహెన్‌కి 1986లో నోబెల్ వచ్చింది. ఇవి ఎంత తక్కువ మోతాదులో పనిచేస్తాయో చెప్పడానికి నాకు తోచిన పోలిక మన వంటింట్లోదే. గిన్నెడు పాలకు చెంచాడు తోడు చాలు. ఇంట్లో తోడు అయిపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్తాం. మామూలు మెలనోసైటు ఇంట్లో తోడు ఎప్పుడూ ఉండదు. ప్రతిసారీ పక్కింటి తలుపు తట్టాల్సిందే. ఆ ఇరుగుపొరుగు ఇచ్చే తోడుల్లో ముఖ్యమైనవి ఫైబ్రోబ్లాస్ట్ వృద్ధి కారకం, స్టెమ్ సెల్ ఫ్యాక్టర్, ఎండోథెలిన్. ఒక్కోదాన్నీ అందుకోవడానికి కణం ఒంటిమీద వేరువేరు గ్రాహకాలు ఉంటాయి.

ఈ పరాధీనత ఎలా తెలిసిందన్నది మంచి కథ. మెలనోమా కణాలను గాజు పళ్లెంలో వేస్తే హాయిగా పెరిగేవి. ఆరోగ్యంగా ఉన్న మెలనోసైట్లను వేస్తే ఏళ్ల తరబడి ఎవరికీ పెరగలేదు. 1982లో ఐసింగర్, మార్కో అనే ఇద్దరు ఒక వింత వంటకం కనిపెట్టారు. నేపాళం నూనెలో దొరికే ఫోర్బాల్ ఎస్టర్ ఒకటి, కలరా సూక్ష్మజీవి విషం ఒకటి. ఈ రెండూ కలిపితే మెలనోసైట్లు పెరిగాయి. భేదిమందూ కలరా విషమూ కలిసి చేసే ఆ పనిని ఒంట్లో చేసేదేమిటి? యేల్ విశ్వవిద్యాలయంలో రూత్ హలబాన్ బృందం 1988లో జవాబు చెప్పింది. పొరుగున ఉన్న కెరటినోసైట్లు ఇచ్చే ఫైబ్రోబ్లాస్ట్ వృద్ధి కారకమే ఆ సహజమైన తోడు. దాంతోపాటే మరో సంగతి బయటపడింది. మెలనోమా కణాలు ఆ కారకాన్ని తామే తయారుచేసుకుని తామే వాడుకుంటున్నాయి. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో మీన్‌హార్డ్ హెర్లిన్ బృందం, ఆ కారకం తయారీని ఆపితే మెలనోమా కణాల పెరుగుదల కుంటుపడుతుందని చూపింది. తోడు గిన్నె లాక్కున్నారన్నమాట.

ఇక్కడిదాకా వింటే లెక్క తేలిపోయినట్టే అనిపిస్తుంది. పక్కింటి తోడు అయితే మంచి కణం, సొంత తోడు అయితే చెడ్డ కణం. బాబాయ్ కూడా "అంతేనా?" అన్నారు. అంతే అయితే ఆ ఒక్క పరీక్ష చేసి చేతులు దులుపుకోవచ్చు. చిక్కంతా పుట్టుమచ్చ దగ్గర వచ్చింది. నిరపాయమైన పుట్టుమచ్చ కణాల్లోనూ కొన్నిట్లో ఆ కారకం జాడ కనిపించింది. అంతకంటే పెద్ద ఆశ్చర్యం తరవాత ఎదురైంది.

గ్రాహకానికి కబురు అందాక అది కణం నడిబొడ్డున ఉన్న జన్యువుల దాకా చేరడానికి చేతులు మారుతూ పోవాలి. ఆ వరసలో బీరాఫ్ అనే ప్రోటీను ఒకటి. మెలనోమాల్లో చాలా వాటిలో బీరాఫ్ జన్యువు చెడి ఉందని 2002లో ఇంగ్లండు పరిశోధకులు ప్రకటించారు. ప్రోటీనులో 600వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట గ్లుటామిక్ ఆమ్లం వచ్చి కూర్చుంటుంది. దాంతో ఎవరూ కబురు పంపకపోయినా అందినట్టే నడుచుకుంటుంది. క్యాన్సర్ మూలం దొరికిందని అందరూ సంబరపడ్డారు. ఏడాది తిరక్కుండానే ఇంకో పరిశోధన వచ్చింది. మామూలు పుట్టుమచ్చల్లో నూటికి 80 వాటిలోనూ అదే లోపం ఉంది! ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా ఒంటిమీద పడి ఉండే మచ్చల్లో.

నన్నడిగితే ఈ రంగం మొత్తంలో మనసుకు పట్టే సంగతి ఇదే. పుట్టుమచ్చ అంటే అబద్ధపు కబురు నమ్మి కొన్నాళ్లు పెరిగి, ఆ పైన ఆగిపోయిన కణాల గుంపు. ఎందుకు ఆగింది? హాలండు పరిశోధకులు 2005లో ఒక వివరణ ఇచ్చారు. అదుపు తప్పిన కబురు మోగుతూనే ఉంటే కణం తనంతట తానే పీ-16 అనే ప్రోటీనును పోగుచేసుకుని విభజన ఆపేస్తుంది. బాబాయ్ రిపోర్టులో మూడో పాజిటివ్ అదే. కాపలా ఇంకా మెలకువగా ఉందన్న సూచన. కొన్ని మెలనోమాల్లో కూడా అది మిగిలే ఉంటుంది కాబట్టి ఒక్క దాన్నే నమ్ముకోరు. ఈ ఆగడం శాశ్వతమేనా అన్నదానిపై వాదం నడుస్తోంది. పైపైన గీకి తీసిన పుట్టుమచ్చ కొన్నిసార్లు మళ్లీ మొలుస్తుంది. పూర్తిగా ఉడిగిపోయిన కణాలైతే అలా ఎలా మొలుస్తాయని అడిగేవాళ్ల మాటలో బలం ఉందనిపిస్తుంది నాకు.

లెక్కల మాస్టారికి లెక్కే చెప్పాలి. అమెరికాలో 2003లో వేసిన అంచనా ప్రకారం, 40 ఏళ్ల లోపువారిలో ఒక పుట్టుమచ్చ ఒక ఏడాదిలో మెలనోమాగా మారే అవకాశం రెండు లక్షల్లో ఒకటి, లేదా అంతకంటే తక్కువ. 60 దాటిన మగవాళ్లలో 33 వేలలో ఒకటి. అది తెల్లచర్మం వాళ్లు ఎక్కువగా ఉన్న దేశం లెక్క. పైగా మెలనోమాల్లో 29 శాతం మాత్రమే అంతకుముందున్న మచ్చలోంచి వస్తాయని, మిగిలినవి మచ్చలేని చర్మంలోనే కొత్తగా మొదలవుతాయని 2017లో అనేక పరిశోధనలను కలిపి చూసినవాళ్లు తేల్చారు. బాబాయ్ ఆ అంకెలను కవరు వెనక రాసుకున్నారు.

మరి మారేవి ఎలా మారతాయి? వాలెస్ క్లార్క్ అనే పెథాలజిస్టు (కోసి తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసి జబ్బు తేల్చే డాక్టరు) 1984లో దీన్ని మెట్లుగా విడదీశారు. మొదట కణాలు పైపొరలోనే అడ్డంగా పాకుతాయి. అప్పుడు ఇంకా అవి ఇరుగుపొరుగు మీద ఆధారపడే ఉంటాయి. ఈ దశలో కోసి తీస్తే దాదాపు ఎప్పుడూ నయమే. తరవాత నిలువుగా, లోపలికి దిగడం మొదలుపెడతాయి. ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటర్లలో కొలవాలని బ్రెస్లో అనే ఇంకో పెథాలజిస్టు 1970లోనే చెప్పారు. నేటికీ రోగి భవిష్యత్తును ఎక్కువగా చెప్పేది ఆ చిన్న అంకే. అడ్డంగా పాకడానికీ నిలువుగా దిగడానికీ మధ్య జరిగే మార్పే మన ప్రశ్నకు గుండెకాయ. కణం అప్పటిదాకా పైపొర పొరుగువారిని పట్టుకున్న చెయ్యిని వదిలేస్తుంది. ఆ చేతి పేరు ఈ-క్యాడ్‌హెరిన్. దాని బదులు ఎన్-క్యాడ్‌హెరిన్ తొడుక్కుని, కింది పొరలో ఉండి చర్మానికి నారలు అల్లే ఫైబ్రోబ్లాస్టు కణాలతో, రక్తనాళాల గోడలతో చెలిమి చేస్తుంది. పీ-16 జన్యువు పోగొట్టుకోవడం కూడా తరచు ఈ మలుపు దగ్గరే కనిపిస్తుంది.

కొత్త ఊరికి వెళ్లాక తోడు తీసుకోవడమే కాదు, పంచడమూ నేర్చుకుంటుంది. ప్లేట్‌లెట్ వృద్ధి కారకాన్ని విడుదల చేసి ఫైబ్రోబ్లాస్టులను లేపుతుంది. అవి బదులుగా కాలేయకణ వృద్ధి కారకాన్నీ, ఇన్సులిన్ లాంటి వృద్ధి కారకాన్నీ పంపుతాయి. (కాలేయకణ కారకం చర్మంలో ఏం చేస్తోందని అడగకండి. మొదట ఎక్కడ దొరికిందో ఆ పేరు పెట్టేశారు.) కొత్త రక్తనాళాలను రప్పించే వీఈజీఎఫ్ అనే కారకం పుట్టుమచ్చల్లో పెద్దగా కనిపించదు, లోతుకు దిగిన మెలనోమాల్లో పెరుగుతుంది. సొంత రక్తనాళాలు లేకుండా కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటలేదని జూడా ఫోక్‌మన్ 1971లో అన్నమాట ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. అన్నిటికంటే తికమకది టీజీఎఫ్-బీటా అనే ఇంకో కారకం. మామూలు మెలనోసైటుకు అది "ఇక చాలు, ఆగు" అనే కబురు. మెలనోమా కణం ఆ మాట వినడం మానేస్తుంది. ఊరుకోకుండా తానే దాన్ని ఎక్కువగా వెదజల్లి, చుట్టూ ఉన్న రోగనిరోధక కణాలను ఆపిస్తుంది. మాట అదే, విన్నవారు మారారు.

పొరుగువారి తప్పు కూడా ఉండవచ్చు. హెర్లిన్ బృందమే 2004లో ఎలుకల మీద అతికించిన మనిషి చర్మంలో ఫైబ్రోబ్లాస్ట్ కారకం, స్టెమ్ సెల్ ఫ్యాక్టర్, ఎండోథెలిన్-3 మూడింటినీ అతిగా తయారయ్యేలా చేసి, అతినీలలోహిత కిరణాలు సోకించింది. మెలనోమాను పోలిన మచ్చలు లేచాయి. అంటే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తోడు గిన్నెలు గుమ్మరించినా పాలు చెడతాయి.

ఇప్పుడు బాబాయ్ ప్రశ్నకు రావచ్చు. పలచని ముక్క కోసి రంగువేసి చూసినప్పుడు ఫలానా కారకం ఉందని తెలుస్తుంది. దాన్ని ఆ కణమే చేసుకుందా, పక్కది ఇచ్చిందా, విని ఏం చేసింది అన్నది ఆ రంగు చెప్పదు. నిరపాయమైన మచ్చల్లోనూ మెలనోమాల్లోనూ కనిపించే కారకంతో తీర్పు ఇవ్వలేరు. అందుకే పరిశోధనశాలలో ఎంత విలువైనదైనా ఈ సమాచారం రోగి రిపోర్టులోకి సాధారణంగా రాదు. పెథాలజిస్టు చూసేవి వేరు. మచ్చ రెండు వైపులా ఒకేలా ఉందా, అడుగుకు పోయేకొద్దీ కణాలు చిన్నవై సద్దుమణిగాయా, అడుగున విభజన చెందుతున్న కణాలు ఉన్నాయా అని చూస్తారు. హెచ్ఎంబీ-45 అనే రంగు పైన ఉండి కింద మాసిపోతే మంచి లక్షణం. విభజనలో ఉన్న కణాలను లెక్కపెట్టే కేఐ-67 బాబాయ్ మచ్చలో ఒక శాతం కంటే తక్కువ. ఆయన చూడవలసిన అంకె అది. అక్కడ పాజిటివ్ అనే మాట లేదు కాబట్టి చూడలేదు.

ఇంతవరకు చెప్పినదంతా ఎక్కువగా తెల్లచర్మం మీద, ఎండ తగిలే చోట్ల జరిగిన పరిశోధన. మన సంగతి వేరు. ఆస్ట్రేలియాలో ఏటా లక్షమందికి ముప్ఫైకి పైగా మెలనోమాలు వస్తాయి, మన దేశంలో లక్షకు ఒకటి కూడా రాదు. వచ్చేవాటిలో పెద్ద భాగం అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద వస్తుంది. అక్కడ ఎండ పాత్ర తక్కువ, బీరాఫ్ లోపమూ తక్కువ. దాని బదులు కిట్ అనే గ్రాహకంలో మార్పులు కొన్నిట్లో దొరుకుతాయని 2006లో తెలిసింది. ఇంతకుముందు చెప్పిన స్టెమ్ సెల్ ఫ్యాక్టర్‌ను అందుకునే చెవి ఇదే. పుట్టుకతోనే ఈ చెవి సరిగా పనిచేయనివారిలో రంగు కణాలు కొన్నిచోట్లకు చేరక, నుదుటి మీద తెల్ల పాయ, ఒంటిమీద తెల్లమచ్చలు ఉంటాయి. అదే చెవి ఎవరూ పిలవకుండానే పలకడం మొదలుపెడితే మెలనోమా. రక్తక్యాన్సర్ ఇళ్లలో అందరికీ తెలిసిన ఇమాటినిబ్ మాత్ర కిట్ లోపం ఉన్న కొందరిలో పనిచేయడానికి కారణం ఆ చెవిని మూయగలగడమే.

అరికాలి మచ్చను డాక్టర్లు డెర్మోస్కోపు అనే భూతద్దంతో చూస్తారు. అరికాలి చర్మం దున్నిన చేనులా చాళ్లూ గట్లూగా ఉంటుంది. మామూలు పుట్టుమచ్చ రంగు చాళ్లలో ఉంటుంది, మెలనోమా రంగు గట్ల మీదికి ఎక్కుతుంది. జపాను వైద్యులు పట్టుకున్న గుర్తు ఇది. ఇన్ని జన్యువుల పేర్ల మధ్య ఇంత రైతు లక్షణమున్న పరీక్ష ఒకటి ఉండటం నాకు ముచ్చటగా ఉంటుంది. బాబాయ్ మచ్చ రంగు చాళ్లలోనే ఉందట. అయినా పెరిగిందన్నారు, వయసు అరవై దాటింది, అందుకని తీసేశారు. సరైన పనే చేశారు. మన వైపు ఇబ్బంది ఏమిటంటే, అరికాలి మెలనోమాను ఆనెకాయ అనో, చెప్పు కరిచిందనో, చక్కెర జబ్బు వల్ల మానని పుండు అనో నెలల తరబడి పట్టీలు కట్టడం. అన్ని మెలనోమాలూ నల్లగా ఉండవు కూడా.

చక్కెర జబ్బు పుండు అనగానే బాబాయ్ ఇంకో అనుమానం పెట్టారు. వాళ్ల స్నేహితుడి కాలిపుండుకు గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ రాశారట, అది ప్రమాదం కాదా అని. ప్లేట్‌లెట్ వృద్ధి కారకంతో చేసిన బెకాప్లెర్మిన్ జెల్ మీద అమెరికా ఔషధ సంస్థ 2008లో క్యాన్సర్ హెచ్చరిక పెద్ద అక్షరాలతో పెట్టించి, తరవాతి సమాచారం చూసి 2018లో ఆ పెద్ద హెచ్చరికను తీయించింది. పూసిన చోట క్యాన్సర్ ఉంటే మాత్రం వాడకూడదు. పుండు పుండేనని ముందు తేల్చుకోవాలన్నమాట.

తోడు కథకు మందుల దగ్గర ఇంకో మలుపు ఉంది. చెడిన బీరాఫ్‌ను ఆపే వెమురాఫెనిబ్ 2011లో వచ్చింది. ఒళ్లంతా పాకిన కణితులు వారాల్లో కరిగాయి. నెలలు గడిచేసరికి చాలామందిలో తిరిగి వచ్చాయి. దారులు చాలానే ఉన్నాయి గానీ, 2012లో బయటపడిన ఒకటి మన కథలోదే. మందు కణం లోపలి తీగను కత్తిరిస్తే, పక్కనున్న ఫైబ్రోబ్లాస్టులు కాలేయకణ వృద్ధి కారకాన్ని పంపి, వేరే గ్రాహకం ద్వారా దాన్ని బతికిస్తున్నాయి. సొంత తోడు మీద బతకడం నేర్చిన కణం, ప్రాణం మీదికి వచ్చేసరికి మళ్లీ పక్కింటి తలుపు తట్టింది.

సాయంత్రం రైలుకు బయల్దేరేముందు బాబాయ్ పిన్నికి ఫోను చేశారు. భయం లేదని చెప్పాక, "వచ్చాక నీ అరికాళ్లూ గోళ్లూ ఒకసారి చూడాలి" అన్నారు. అవతలి నుంచి పిన్ని నవ్వు నాకూ వినపడింది. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు ఇంకా వదల్లేదట. ఎర్రటి అరికాల్లో ఏ మచ్చ కనిపిస్తుంది? బాబాయ్ కవరు వెనక, నా అంకెల కింద, "గోరింటాకు పోయాక" అని రాసుకుని జేబులో పెట్టుకున్నారు.